తార్నాక చర్చిలో గట్టిమేళం

తార్నాకలో సత్తయ్య హోటల్ ముందు రెండు బెంచీలుంటే, సామేలు ఎప్పుడూ గోడవైపు బెంచీ మీదే కూర్చుంటాడు. అక్కడి నుంచి సందు చివర చర్చి గేటు తిన్నగా కనబడుతుంది. డిసెంబరు పడ్డప్పటి నుంచీ అతనికి ఇదే పని. సాయంత్రం యూనివర్సిటీ లైబ్రరీలో బైండింగు పని ముగించుకొని, సైకిలు దిగి, చాయ్ చెప్పి, ఆ గేటు వైపు చూస్తూ కూర్చోవడం. ఎవరో ఒకరు అందులోంచి బయటికి వచ్చి, "సామేలన్నా, నువ్వు లేకుంటే నడుస్తలేదే, జర రావే" అంటారని అతని ఆశ. ఇంతవరకూ ఎవరూ రాలేదు.

సంగతేమిటంటే, ఆ చర్చిలో హార్మోనియం సామేలుది. పెట్టె చర్చిదే. కాని దాని ముందు కూర్చునే చోటు మాత్రం, అతనికి పెళ్లి కాకముందు నుంచీ అతనిదే. ఈ ఏడు పాస్టరు గారికి ఏం బుద్ధి పుట్టిందో, క్రిస్మస్ ఆరాధనలో వాయించేవాళ్ళను కూడగట్టే పని దానియేలుకు అప్పగించారు. దానియేలు కర్నూలు నుంచి వచ్చి, క్యాంపస్ హాస్టల్లో ఉండి ఎం.ఎస్సీ. చదువుతున్న కుర్రాడు. గిటారు వాయిస్తాడు, జుట్టు నుదుటి మీద పడేలా దువ్వుతాడు, ఎవరు ఎదురుపడినా నమస్తే పెడతాడు. ఈ మూడింటిలో ఏది సామేలుకు ఎక్కువ కంపరమో చెప్పడం కష్టం. పాస్టరు గారి ప్రకటన విన్న ఆదివారమే హార్మోనియం మూత వేసి, నడుం పట్టేసిందని చెప్పి వచ్చేశాడు. నడుముకు ఏమీ కాలేదు, కుట్టినచోటు వేరే ఉంది.

ఆ శనివారం సాయంత్రం సందులోంచి గిటారు వినబడుతోంది. దాని వెంట ఒక ఫిడేలు, ఇంకా వెనక ఒక డోలు. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా కొండలరావు ఎదురు బెంచీ మీద కూర్చొని, ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ, చెప్పుతో తాళం వేస్తున్నాడు. నంద్యాల మనిషి. పాట వినబడితే కాలు ఊరుకోదు.

"ఆ దానియేలు గట్టివాడేనబ్బా," అన్నాడు. "హాస్టల్లో ఫిడేలు వాయించే పిల్లోణ్ణి పట్టినాడు. ఇంజనీరింగ్ కాలేజీలో ఇంకెవన్నో పట్టినాడు. వాడు అడగంగానే అందరూ వచ్చినారంట."

"నిన్న అందర్ని గీడికే తోలుకొచ్చి చాయ్ తాపిచ్చిండు," అన్నాడు లోపలి నుంచి సత్తయ్య. "మంచి పోరడు. గ్లాసులు గూడ వాళ్ళే తెచ్చి లోపల పెట్టిన్రు."

సామేలుకు చాయ్ చేదుగా తగిలింది. తను ఇన్నేళ్ళు ఈ బెంచీ మీద కూర్చున్నాడు, తన గురించి ఈ సత్తయ్య ఇంకొకరితో ఇలా చెప్పాడా ఏనాడైనా? ఏదో ఒకటి అనబోతుంటే గేటు తెరుచుకుంది. బుచ్చిరాములు బయటికి వచ్చి, సందులోంచి ఇటే నడుస్తున్నాడు.

బుచ్చిరాములుది లాలాపేట్. పగలు రైల్వే వర్క్‌షాపులో పని, ముహూర్తాలుంటే పెళ్ళిళ్ళలో డోలు. వాణ్ణి మొట్టమొదట చర్చి గడప తొక్కించింది సామేలే. వాడు దగ్గరికి వచ్చేసరికి సామేలుకు వాడి వేళ్ళు కనబడ్డాయి. డోలు వాయించేటప్పుడు పెట్టుకునే తొడుగులు ఇంకా వేళ్ళకే ఉన్నాయి. అంటే ఇంతసేపూ ఆ గిటారు వెనక మోగిన డోలు వీడిదే. తన మనిషిని కూడా ఆ కుర్రాడు పట్టుకుపోయాడు. సామేలుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సామేలన్నా, నీకొక మాట చెప్పాలె," అన్నాడు బుచ్చిరాములు.

ఆ మాటేమిటో సామేలుకు తెలిసిపోయింది. 'నేను దానియేలు దిక్కు పోయిన, ఏమనుకోకు' అంటాడు. ఆ మాట కొండలరావు ముందు, సత్తయ్య ముందు వినడం అతని వల్ల కాదు.

"కూసో. చాయ్ తాగు. నేను వీళ్ళకొక ముచ్చట చెప్తున్న," అన్నాడు. అప్పటిదాకా ఏ ముచ్చటా లేదు. అప్పుడే ఎత్తుకున్నాడు.

"పోరగాళ్ళను హాస్టల్లకెళ్ళి తోలుకొచ్చుడు గూడ ఒక పనేనా కొండలరావు సాబ్? చాయ్ పోస్తే వాళ్ళే వస్తరు. మనుషుల్ని కూడగట్టుడంటే నేను చేసిన. పదేండ్ల కింద, ఈస్టరు పండుగ. మా హార్మోనియం తిత్తి చినిగింది, గాలి నిలుస్తలేదు. పాస్టరు గారు, 'సామేలూ, పాట లేకుంట పండుగెట్లరా?' అన్నరు. నేను సైకిలెక్కి సీదా లాలాపేట్ పోయిన. ఆడ ఇన్నయ్యని సన్నాయి ఊదెటాయన. ఆయనకు జోడు ఈ బుచ్చిరాములు డోలు. అవునా కాదా అడగండి."

"అవునే అన్నా, గని నేను చెప్పొచ్చేది..."

"ఇన్నరు గద, అవునంటున్నడు. ఇన్నయ్య ఏమన్నడో తెలుసా? 'పెళ్ళి లేకుంట నేను సన్నాయి ముట్ట. మా నాయన ముట్టలే, మా తాత ముట్టలే. మీ దాంట్ల పెళ్ళి లేదు, నేను రాను' అన్నడు. ఇంకొకడైతే మొకం ఏలాడేసుకొని మర్లిపోవు. నేనేమన్న? 'ఇన్నయ్యా, ఇది పెళ్ళే. మా గ్రంథంల రాసి ఉన్నది. సంఘం పెళ్ళికూతురు, ప్రభువు పెళ్ళికొడుకు. ఇంతకన్న పెద్ద పెళ్ళి మీ తాత చూసిండా?' అన్న."

"నిజంగ అట్లనే ఉంటదా మీ దాంట్ల?" అన్నాడు సత్తయ్య, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి.

"అట్లనే ఉంటది. ఇన్నయ్య జరసేపు ఆలోచన చేసి, 'పెళ్ళికొడుకు దిక్కోళ్ళు మంచోళ్ళేనా?' అని అడిగిండు. 'ఆళ్ళకన్న మంచోళ్ళు లేరు' అన్న. 'అయితే వస్త' అన్నడు. పొద్దుగూకే యాళ్ళకు సన్నాయి తుడిచి పెట్టుకున్నడు. పండుగనాడు పొద్దుగాల జరీ అంచు రుమాలు చుట్టుకొని చర్చిల ముందు వరసల కూసున్నడు. పాటలన్ని ఊదిండు, మంచిగనే ఊదిండు. ఆఖరికి పాస్టరు గారు నిలబడి, ఆశీర్వాదం చెప్పనీకి రెండు చేతులు పైకి లేపిన్రు. ఇగ చూడు సాబ్! పెళ్ళిల అయ్యగారు చెయ్యి లేపితే మేళమోళ్ళు ఏం చేస్తరు?"

కొండలరావు బిస్కెట్టు చాయ్‌లోనే వదిలేశాడు. "గట్టిమేళం!"

"గట్టిమేళం! తాళి కట్టేటప్పుడు ఎవడన్న తుమ్మినా ఇనబడొద్దు గద, ఉన్న బలమంత పెట్టి వాయించిన్రు. పాస్టరు గారి చేతులు పైననే ఉన్నయి. ఆయన చేతులు దించేదాంక వీళ్ళు ఆపరు. వీళ్ళు ఆపేదాంక ఆయనకు దించాలెనని తోస్తలేదు!"

కొండలరావు తొడ చరుచుకొని నవ్వాడు. సత్తయ్య కూడా నవ్వాడు. ఇంతవరకూ సామేలు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ ఆపి చాయ్ తాగి ఉంటే ఆ సాయంత్రం హాయిగా గడిచిపోయేది. కాని సరిగ్గా అప్పుడే సందులోంచి గిటారు మళ్ళీ మొదలైంది. కొండలరావు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, అతని కాలు మాత్రం ఆ గిటారుకు తాళం వేయడం మొదలుపెట్టింది. సామేలు ఆ కాలు వంక చూశాడు. తన కథకు నవ్వుతూ వాడి పాటకు తాళం వేయడమేమిటి?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు గొంతు పెంచి. "ఆ సప్పుడుకు చర్చి పైకప్పు పెంకులు లేచి మళ్ళ కూసున్నయి. ఒక్కటి పగిలిందా? పగలలే. ఎందుకంటే తాళంల లేచినయి, తాళంల కూసున్నయి. నేను చెయ్యి ఊపుతున్న గద ముందల నిలబడి. అప్పుడే మౌలాలి స్టేషను దాటి కాజీపేట ప్యాసింజరు వస్తున్నది. డ్రైవరు ఇన్నడు. బండి నిలబెట్టిండు."

"నిలబెట్టినాడా?"

"నిలబెట్టి, దిగి, బొగ్గు మొకంతోటే నడుసుకుంట వచ్చిండు. 'ఎవరిదయ్యా పెళ్ళి?' అన్నడు. ఎన్క జనం. బండిల జనమంత దిగి, భోజనాలు యాడ పెట్టిన్రని అడుగుతున్నరు. నేను డ్రైవరును పక్కకు పిలిచి, 'మీ ఇంజను కూత ఏం శ్రుతి?' అన్న. తెల్వదన్నడు. ఎట్ల తెలుస్తది పాపం, ఎవరు నేర్పిన్రు? నేనే పోయి ఆవిరి జర తగ్గిచ్చి, జర పెంచి, శ్రుతి కలిపిన. ఇగ మనం పాట ఎత్తుకుంటే ఇంజను ఎనక నుంచి అందుకున్నది."

"రైలు చర్చిలోకొచ్చి కూత వేసిందా సామేలూ?"

"రైలు చర్చిల కెట్లొస్తది సాబ్, పట్టాలుండాలె గద? ఆడనే నిలబడి ఊదింది. లేనిది ఎందుకు చెప్పాలె?"

బుచ్చిరాములు చాయ్ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతున్నాడు. "అన్నా, యాళ్ళయితున్నది. నేను చెప్పే మాటొకటి ఇను..."

"నువ్వు నాకు సాక్షివిరా, సాక్షి నడుమల మాట్లాడొద్దు."

లోపల ఫిడేలు మొదలైంది. నిజానికి చాలా బాగుంది. సామేలుకు ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది, అదే బాధ. ఆ ఫిడేలు పిల్లాణ్ణి తనెందుకు పట్టలేకపోయాడు? రోజూ ఆ హాస్టల్ ముందు నుంచే సైకిలు మీద పోతాడు. ఒక్కనాడూ లోపలికి వెళ్ళి ఎవరన్నా వాయిస్తారా అని అడగలేదు. ఆ కుర్రాడు అడిగాడు, అంతే తేడా.

"ఇంజను కూత క్యాంపస్‌ల ఇనబడ్డది," అన్నాడు ఇంకా గట్టిగా. "హాస్టళ్ళు ఖాళీ అయినయి. ఫిడేలున్నోడు ఫిడేలు పట్టుకొని, లేనోడు మెస్సుల పళ్ళెం పట్టుకొని ఉరికొచ్చిన్రు. ఇప్పుడేదో ఒక్క ఫిడేలు దొరికిందని మురిసిపోతున్నరు, నాకాడికి తట్టల కొద్దీ వచ్చినయి ఫిడేళ్ళు! చర్చిల జాగ యాడ సరిపోతది? అందర్ని ఆర్ట్స్ కాలేజీ కాడికి నడిపిచ్చిన. మెట్ల మీద వరస నిలబెట్టిన. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క స్వరం. నేను కింద నిలబడి ఏ మెట్టుకు వేలు చూపితే ఆ మెట్టు పలకాలె. అంటే ఏందనుకున్నరు? ఆర్ట్స్ కాలేజీనే హార్మోనియం పెట్టె చేసి వాయించిన!"

"మరి తిత్తి ఎవరూదిన్రు?" అన్నాడు సత్తయ్య.

సామేలు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "తిత్తెందుకు? మౌలాలి గుట్ట మీదికెళ్ళి గాలొచ్చింది. రేడియో స్టేషనోళ్ళు వార్తలు బంద్ చేసి, మైకు కిటికీలకెళ్ళి బయటపెట్టి తార్నాక దిక్కు తిప్పిన్రు. మద్రాసుల ఇన్నరు. బొంబాయిల ఇన్నరు."

"నేనప్పుడు నంద్యాలలోనే ఉండినా. మా రేడియోలో రాలేదే?"

"మీది చిన్న రేడియో అయి ఉంటది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నిటికన్న కింది మెట్టు మీద ఒక పోరడు నిలబడి ఏడుస్తున్నడు. ముక్కు కారుతున్నది. చేతిల తీగలు తెగిన గిటారు. 'ఎవర్రా నువ్వు?' అన్న. 'కర్నూలు నుంచి మా పెద్దమ్మ ఇంటికి వచ్చినా, నాకు వాయించడం రాదు' అన్నడు. ముక్కు తుడిచిన. నా సైకిలు బ్రేకు తీగ పీకి గిటారుకు కట్టిన. వేళ్ళు పట్టి నేర్పిన. ఆ పోరడు ఎవరనుకున్నరు?"

కొండలరావు ముందుకు వంగాడు.

"దానియేలు!" అన్నాడు సామేలు. "అప్పుడు నేను నేర్పిన రెండు ముక్కలే ఇప్పటిదాంక గీకుతున్నడు. కొత్తది ఒక్కటన్న ఇనబడ్డదా మీకు?"

కొండలరావు నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు. బుచ్చిరాములు మాత్రం నవ్వలేదు. "అన్నా, లోపల అందరు ఎదురుచూస్తున్నరే," అన్నాడు.

అందరూ ఎదురుచూస్తున్నారు! ఎవరి కోసం? ఈ డోలు కోసం. లాలాపేట్ సందుల్లోంచి తను వెతికి పట్టుకొచ్చిన డోలు కోసం అక్కడ అందరూ ఎదురుచూస్తారు. తన కోసం ఎదురుచూసేవాడు ఒక్కడూ లేడు. ఆ మాటతో సామేలుకు ఇంకేమీ కనబడలేదు.

"చూడనీ తీ," అన్నాడు. "నా కోసం చూసేటోళ్ళు వేరే ఉన్నరు. ఇయ్యాల పొద్దుగాల మా ఇంటి ముందు కారాగింది. సికింద్రాబాద్ పెద్ద చర్చి వాళ్ళు. నల్లటి కారు. అందుల కెళ్ళి సూటేసుకున్నాయన దిగి, 'సామేలు గారూ, మా దగ్గర నలభై మంది వాయించేటోళ్ళున్నరు, పియానో ఉన్నది, అన్ని ఉన్నయి, నడిపేటోడు లేడు. క్రిస్మస్ నాడు మీరు రావాలె' అన్నడు. చేతిల చెయ్యేసి మాటిచ్చిన. ఇగ మన పాస్టరు గారే వచ్చి అడిగినా నేను రాను. ఆ దానియేలు వచ్చి నా కాళ్ళు మొక్కినా రాను."

బుచ్చిరాములు గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "నిజమేనా అన్నా?"

"నిజం గాకుంటే ఏంది?"

"మాట ఇచ్చినవా?"

"ఇచ్చిన అంటున్న గద."

"అట్లయితే ఇగ ఏం చేస్తం," అన్నాడు బుచ్చిరాములు నెమ్మదిగా. వేళ్ళ తొడుగులు సరిచేసుకున్నాడు. "నన్ను దానియేలే తోలిండు. 'మేమందరం వాయిస్తున్నం గని, పాట యాడ ఎత్తుకోవాల్నో యాడ దించాల్నో తెలుస్తలేదు, సామేలు గారు ఉండాలె. నేను నమస్తే పెడితే ఆయన మొకం తిప్పుకుంటున్నరు, నువ్వు ఆయన దోస్తువు, నువ్వు పోయి తోలుకరా' అన్నడు. విద్యానగర్ సుబ్బరాయుడు గారొచ్చి ఉన్నరు, భజనలల్ల హార్మోనియం వాయిస్తరు గద, ఆయన. పాస్టరు గారేమో, 'ఆ పెట్టె సామేలుది. ముందు సామేలును అడగండి, ఆయన కాదంటేనే ఇంకొకరు ముట్టాలె' అన్నరు. సుబ్బరాయుడు గారు పెట్టె ముట్టకుంట పక్కకు కూసున్నరు. నీ జవాబు కోసమే అందరు చూస్తున్నది."

డిసెంబరు పడ్డప్పటి నుంచీ సామేలు ఏ మాట కోసం ఈ బెంచీ మీద కూర్చున్నాడో, ఆ మాట ఇంతసేపూ పక్కనే కూర్చొని చాయ్ తాగుతూ ఉంది. తనే మూడుసార్లు నోరు మూయించాడు.

"సికింద్రాబాద్ వాళ్ళది..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళది సాయంత్రమేమో. మనది పొద్దుగాల అయితే మరి..."

"ఎట్లయితదే? పొద్దుగాలనే గద అందరిది?"

ఒక్క మాట చాలు. కారు రాలేదురా అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఎదురుగా కొండలరావు కళ్ళు మెరుస్తున్నాయి. సత్తయ్య గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. కారు రాలేదంటే రైలు కూడా ఆగలేదని చెప్పాలి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీది నుంచి అందరినీ దింపి హాస్టళ్ళకు పంపాలి. ఆ దానియేలు ముక్కు తుడవలేదని చెప్పాలి. అన్నిటికంటే అదే కష్టం.

"మాట ఇచ్చినంక తప్పుతమా?" అన్నాడు. "పోయి చెప్పు."

బుచ్చిరాములు లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ దినం డోలు కొట్టింది నేనే గదనే అన్నా. పెంకులు లేవలే, రైలాగలే. పాస్టరు గారు చేతులు పైన పెట్టుకొనే పకపక నవ్విన్రు. 'సామేలు పిలువకుంటే వీళ్ళు మన గడప తొక్కుదురా' అని అందరి ముందల అన్నరు. నాకు అదే యాదికున్నది." ఇంకేదో అనబోయి మానుకొని, సందులోకి నడిచాడు. గేటు తెరుచుకొని మూసుకుంది.

కొంచెంసేపు గిటారు లేదు, ఫిడేలు లేదు. తర్వాత హార్మోనియం మెట్టు ఒక్కటి పలికింది. ఆగింది. మళ్ళీ పలికింది. పాట మొదలైంది, దాని వెంట తక్కినవన్నీ అందుకున్నాయి.

"ఆ సుబ్బరాయుడు బాగానే వాయిస్తున్నాడే," అన్నాడు కొండలరావు. "పెట్టె కూడా మంచిది. ఎంత కమ్మగా పలుకుతోందో చూడు."

సామేలు గేటు వైపు చూడకుండా నేల చూస్తూ అన్నాడు: "దాని శ్రుతి నేను కలిపిన. పోయిన వానకాలం పెట్టె ఊడదీసి, బ్లేడుతోటి ఒక్కొక్క రీడు గీకి కలిపిన. వారం దినాలు పట్టింది."

ఈ మాట నిజం. వేలి మీద బ్లేడు కోసుకున్న గీత ఇంకా ఉంది. కొండలరావు నవ్వుతూ లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నిజంగ నేనే కలిపిన," అన్నాడు సామేలు.

"ఇప్పటిదాంక చెప్పినయి గూడ నిజంగనే జరిగినయి గదనే అన్నా," అంటూ సత్తయ్య వచ్చి ఖాళీ గ్లాసులు తీసుకొని లోపలికి పోయాడు.